లింగమూర్తి బ్రేకు రిజిస్టరు

ఉదయం ఐదుంపావుకు కారు స్టార్టు చేసేవాళ్ళు గోదావరిఖనిలో చాలామందే ఉన్నారు. స్టార్టు చేసిన కారును పదడుగులు నడిపి ఆపి, మళ్ళీ పదడుగులు నడిపి ఆపి, మూడోసారీ అదే పని చేసి, దిగి, బానెట్ మీద నల్ల అట్ట రిజిస్టరు పరుచుకుని, తేదీ వేసి, వేళ వేసి, "బ్రేకు బాగున్నది" అని రాసి సంతకం పెట్టేవాడు మాత్రం ఒక్కడే. ఆయన పేరు లింగమూర్తి. వయసు అరవై ఐదు. రిటైరైన రోజు తోటివాళ్ళు ఆయనకు ఒక శాలువా కప్పి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టారు. రిజిస్టరు మాత్రం ఆయన సొంతంగా కొనుక్కున్నాడు.

కాలనీవాళ్ళు మొదటి వారం దీన్ని పోలీసు కేసులో పెట్టిన షరతు అనుకున్నారు. రెండో వారం మొక్కు అనుకున్నారు. మూడో వారానికి అలవాటు పడి, మూడో బ్రేకు చప్పుడుకు లేచి పాలు పొయ్యి మీద పెట్టడం మొదలుపెట్టారు. ఒకరోజు ఆయనకు జ్వరమొచ్చి కారు తీయకపోతే రెండిళ్ళవాళ్ళు డ్యూటీకి ఆలస్యమై, తప్పు ఆయన మీదే పెట్టారు.

ఆ రిజిస్టరు ఎందుకు పుట్టిందో తెలియాలంటే భూమి లోపలికి కొంత దూరం దిగాలి.

లింగమూర్తి ముప్పై నాలుగేళ్ళు బొగ్గుబాయిలో హాలర్ ఆపరేటరు. హాలర్ అంటే పెద్ద ఇనుప డ్రమ్ము. దానికి చుట్టిన తాడుతో బొగ్గు టబ్బులను వాలు పట్టాల మీద పైకి లాగుతారు, ఖాళీ టబ్బులను కిందికి వదులుతారు. పైకి లాగడానికి కరెంటు చాలు. కిందికి వదలడానికి మనిషి కావాలి. ఆ మనిషి చేతిలో బ్రేకు పిడి ఉంటుంది. ఎనిమిది గంటలు ఆ పిడి పట్టుకుని కూర్చోవడమే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆయన కుడిచెయ్యి కాసేపు దేన్నో పట్టుకున్నట్టే ముడుచుకుని ఉండేది. అన్నం తినబోతూ వేళ్ళు ఎడమచేత్తో విప్పుకునేవాడు.

నియమం ప్రకారం ఆపరేటరు షిఫ్టు మొదట్లో బ్రేకు పరీక్ష చేసి, తర్వాత రిజిస్టరులో సంతకం పెట్టాలి. నియమం రాసినవారు తెలివైనవారే. ఒక్క సంగతి మాత్రం వారి దాకా పోలేదు. రిజిస్టరు బాయి పైన, ఆఫీసు గదిలో, బల్ల మీద ఉంటుంది. హాలర్ బాయి లోపల, కిలోమీటరు కింద ఉంటుంది. దిగి, బ్రేకు చూసి, పైకెక్కి, సంతకం పెట్టి, మళ్ళీ దిగితే షిఫ్టు సగం కాళ్ళకే సరిపోతుంది. అందుకని ముందు సంతకం పెట్టడం, తర్వాత దిగి బ్రేకు చూడడం అక్కడ ఆచారమైంది. ఏ ఆచారానికైనా పూజారి ఉంటాడు. దీనికి గుమాస్తా ఉండేవాడు. పెన్ను మూత తీసి మరీ అందించేవాడు.

1999లో ఒక సెకండ్ షిఫ్టున లింగమూర్తి సంతకం పెట్టి దిగాడు. దిగేసరికి ఖాళీ టబ్బుల కోసం కింది నుంచి సిగ్నలు మీద సిగ్నలు. బ్రేకు ఈ ట్రిప్పు తర్వాత చూద్దామనుకున్నాడు. ఆరు టబ్బులు వదిలాడు. సగం వాలులో పిడి చేతిలో తేలికైపోయింది. బ్రేకు పట్టీని బిగించి ఉంచే పిన్ను తెగింది. కింది మలుపులో, టబ్బులకు కొక్కేలు తగిలించే బిక్షం ఉన్నాడు. బిక్షానికి అప్పుడు ముప్పై మూడేళ్ళు. ఆరేళ్ళ కూతురు.

విచారణ జరిగింది. రిజిస్టరు తెచ్చారు. ఆ రోజు బ్రేకు బాగుందని అందులో స్పష్టంగా ఉంది. ఆ రోజు బిక్షం పోయాడని ఇంకో రిజిస్టరులో అంతే స్పష్టంగా ఉంది. రెండు రిజిస్టర్లనూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టారు కాని, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. పిన్ను లోపలి నుంచి పగిలిందని, ఆపరేటరు తప్పేమీ లేదని తేల్చారు. ముందే చూసి ఉంటే పగులు కనపడేదా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. చూసినట్టు సంతకం ఉంది కదా. ఆ ప్రశ్న ఆయన తనను తాను పాతికేళ్ళుగా అడుగుతున్నాడు. జవాబు రెండు రకాలుగానూ వస్తోంది.

రిటైరయ్యాక కొన్నాళ్ళకు, ఒక తెల్లవారుజామున, పాలకు వెళ్ళిన లింగమూర్తి చౌరస్తాలో ఒక ఆటోను చూశాడు. గోదావరి వంతెన దాటి జైపూర్ కరెంటు ప్లాంటుకు కాంట్రాక్టు మనుషులను మోసే ఆటో. ముగ్గురు కూర్చోవలసిన దానిలో పదకొండు మంది ఉన్నారు. పదకొండో మనిషి ఒక ఆడమనిషి. సామాను పెట్టే చోట వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్ళు రోడ్డు మీదికి వేలాడేసుకుంది. బిక్షం కూతురు జమున. ప్లాంటు క్యాంటీన్‌లో పని. ఆమె భర్త రామకృష్ణాపూర్‌లో ఉంటాడు. అతనక్కడ, ఈమె ఇక్కడ ఎందుకన్నది కాలనీలో ఎవరూ అడగని ప్రశ్న, అంటే జవాబు అందరికీ తెలిసిన ప్రశ్న. ఒక కూతురుంది, ఐదో తరగతి.

ఆ వారమే లింగమూర్తి ఒక పాత చిన్న కారు కొన్నాడు. ఖాళీగా కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయని, ప్లాంటుకు మనుషులను తీసుకుపోతే కాలక్షేపమని భార్య సారక్కకు చెప్పాడు.

"మోకాళ్ళ నొప్పికి కారు కొన్నోన్ని నిన్నొక్కన్నే చూస్తున్న" అంది సారక్క. అంతకుమించి అడగలేదు. కారు ఎవరి కోసమో ఆమెకు తెలుసు.

కారు కొన్నప్పుడు తెలుపు. బొగ్గుపొడి మాట ఎలా ఉన్నా, కాయితాల్లో ఇప్పటికీ తెలుపే. వెనక సీట్లో ప్లాంటులో హెల్పర్లుగా పనిచేసే ఇద్దరు మగవాళ్ళు కూర్చునేవారు. పెట్రోలుకు తలా ఇంత వేసుకునేవారు. నిజానికి వాళ్ళిద్దరూ ఒక సాకు. ముందు సీటు జమునది. ఆ సీటును పొద్దున తీసుకుపోయి మధ్యాహ్నం క్షేమంగా తిరిగి తేవడం ఒక్కటే లింగమూర్తి తనకు తాను వేసుకున్న డ్యూటీ. దీనికి జీతం లేదు, సెలవు లేదు, రిటైర్మెంటు లేదు. కారులో రిజిస్టరు చేతికందేంత దూరంలోనే ఉంటుంది కాబట్టి, ముందు బ్రేకు చూసి తర్వాత సంతకం పెట్టే భాగ్యం ఆయనకు జీవితంలో మొదటిసారి దక్కింది.

జమున రోజూ ఆ తతంగం అయ్యేదాకా టిఫిన్ డబ్బా పట్టుకుని పక్కన నిలబడేది. "అయిందా కాక, పూజ? హారతి గూడ ఇయ్యి, ఇంక పోదాం" అనేది. లింగమూర్తి పెన్ను మూత పెట్టి జేబులో వేసుకునేవాడు. నవ్వేవాడు కాదు, కోప్పడేవాడు కాదు.

మూడేళ్ళు ఇలా జరిగింది. గత ఏప్రిల్‌లో కారుకు వణుకు పట్టింది.

బ్రేకు తొక్కితే స్టీరింగు చేతుల్లో గడగడలాడడం మొదలైంది. మెకానిక్ భూపాల్ ముందు చక్రాలు విప్పి, లోపలి డిస్కులను తుడిచి, కొలిచాడు. ప్యాడ్లు పట్టుకుని చక్రాన్ని ఆపే ఇనుప పళ్ళేలవి. కొత్తప్పుడు పదిహేడు మిల్లీమీటర్లు. పదిహేనుకు తగ్గితే వాడవద్దని దాని అంచు మీదే చిన్న అక్షరాలతో పోతపోసి ఉంది. ఇప్పుడు ఒకచోట పదిహేనున్నర, ఒకచోట పదిహేనుంపావు. సమంగా అరగలేదు, అందుకే వణుకు.

"గిది డిస్కు కాదు కాక, అప్పడం" అన్నాడు భూపాల్. "మార్చుడే."

లేత్ మీద పట్టించి సాపు చేయిస్తే రాదా అని లింగమూర్తి అడిగాడు. తీయడానికి దాంట్లో ఏం మిగిలిందని భూపాల్ ఎదురడిగాడు.

ఏ డిస్కు వేయాలన్న విషయం మీద ఆ సాయంత్రం చౌరస్తా చాయ్ హోటల్లో గంభీరమైన చర్చ నడిచింది. కోల్‌బెల్టులో ఏ సమస్యా ఒక్క మనిషికి చెందదు. కనీసం ఐదుగురు దాని మీద మాట్లాడితే గాని అది సమస్యగా రిజిస్టరు కాదు. వెనక సీటు హెల్పర్లలో చిన్నవాడు, అంచులకు ఎర్ర రంగు వేసి, మధ్యలో రంధ్రాలు పొడిచిన డిస్కులు ఫోన్లో చూపించాడు. రంధ్రాల్లోంచి వేడి పోతుందట. రేసు కార్లకు అవే వేస్తారట. ఒక పెద్దమనిషి దాన్ని ఖండించాడు. ఖని బొగ్గుపొడి, జైపూర్ బూడిద, బసంత్‌నగర్ సిమెంటు దుమ్ము, ఈ మూడూ కలిస్తే గచ్చు అవుతుందని, ఆ రంధ్రాలు పదిరోజుల్లో పూడిపోతాయని, అప్పుడు డిస్కు మీద ఇల్లు కట్టుకోవచ్చని చెప్పాడు. ఇంకొకరు, పేరున్న కంపెనీ పేరులో ఒక్క అక్షరం తేడాతో అట్టపెట్టెలో దొరికే డిస్కులు వేయించుకుని ఆరునెలలుగా బతికే ఉన్నానని తననే సాక్ష్యంగా నిలబెట్టుకున్నాడు. భూపాల్ మాట ఒక్కటే. కారు చేసినవాళ్ళ డిస్కులే వేయాలి. రంధ్రాలొద్దు, రంగులొద్దు. రోజూ నలుగురిని మోసే బండికి సాదా డిస్కు, గట్టి డిస్కు కావాలి. కరీంనగర్ నుంచి రావాలి. నాలుగు రోజులు పడుతుంది.

లింగమూర్తికి భూపాల్ మాటే నచ్చింది. నాలుగు రోజులు కారు తీయనని జమునకు చెప్పాడు.

"నాలుగు నాగాలైతే నా పేరు కొట్టేస్తరు కాక" అంది జమున. నెలకు మూడు దాటకూడదని కాంట్రాక్టరు లెక్క. బిడ్డకు జ్వరమొచ్చి అప్పటికే ఒకటి అయిపోయింది. "ఏం కాదు తియ్యి. ఆటోల పోత నాలుగు దినాలు. అందరు పోతలేరా?"

సమస్య అక్కడ మొదలైంది. సామాను చోట కాళ్ళు వేలాడేసుకుని వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి లింగమూర్తి కళ్ళముందు నిలిచింది. నాలుగు రోజులే కదా అని ఆయన అనుకోలేకపోయాడు. బిక్షం విషయంలో ఒక్క ట్రిప్పే కదా అనుకున్నాడు. ఆటో వద్దన్నాడు. పొద్దున్నకల్లా కారు ఉంటుందని మాట ఇచ్చి, విప్పిన డిస్కులు రెండూ సంచిలో వేసుకుని అంద్రెయ ఇంటికి నడిచాడు.

అంద్రెయ వర్క్‌షాపులో టర్నరుగా చేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక లేత్ మిషన్ పెట్టుకున్నాడు. ఆదివారం ఉదయం చర్చిలో పెద్ద, మిగతా ఆరు రోజులు లేత్ దగ్గర పెద్ద. రెండుచోట్లా ఆయన మాట నెమ్మదిగా, ఖాయంగా ఉంటుంది. డిస్కును వేలితో మీటి, మోత విని, తలాడించాడు.

"గిదేం ఖరాబైంది తమ్మీ? పైపొర ఖరాబైంది. ఇనుము మనిషసొంటిది కాదు, పైపొర తీస్తే లోపల మల్ల కొత్తగనే ఉంటది."

భూపాల్ ఒప్పుకోలేదని లింగమూర్తి చెప్పాడు. అంద్రెయకు భూపాల్ మీద కోపం రాలేదు, జాలి కలిగింది. "ఇప్పటి పోరగాండ్లకు విప్పుడు, మార్చుడు. గంతే. నీ హాలర్ డ్రమ్ము యాదికుందా? పదకొండు సార్లు చెక్కిన దాన్ని. చివరికి బాయి మూతబడ్డది గని డ్రమ్ము పడలే."

అది నిజం. ఆ డ్రమ్ము అంచు అరచెయ్యి మందం ఉండేది. పదకొండు సార్లు కాదు, ముప్పైసార్లు చెక్కినా దానికి తెలిసేది కాదు. బాయిలో పెరిగినవాళ్ళకు ఇనుమంటే అదే. పారేయడమన్న మాట వాళ్ళ పనిలో లేదు. చెక్కుతారు, అతుకుతారు, మళ్ళీ బిగిస్తారు. ఒక్క సంగతి ఆ షెడ్డులో ఉన్న ఇద్దరు పెద్దమనుషులకూ తోచలేదు. ఆ డ్రమ్ము బాయి బతికినంతకాలం బతకాలని చేసింది. ఈ పళ్ళెం అరగాలని చేసింది, అరిగాక పారేయాలని చేసింది.

అంద్రెయ గంటన్నర పనిచేశాడు. రెండువైపులా సాపు చేశాడు. గీతలు లోతుగా ఉన్నాయని ఇంకొంచెం తీశాడు. పనిమంతుడు కాబట్టి అక్కడితో ఆగలేదు. అంచు మీద తుప్పు కనపడితే, చూడ్డానికి బాగుండదని అంచు కూడా చుట్టూ శుభ్రంగా చెక్కాడు. డిస్కులు రెండూ పెళ్ళి వెండి పళ్ళేల్లా మెరిశాయి. తుప్పుతో పాటు, ఇంతకన్నా సన్నబడితే నన్ను పారేయండని చెప్పే అక్షరాలు కూడా రాలి, లేత్ కింద ఇనుప రజనులో కలిశాయి.

భూపాల్ వాటిని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. కొలిచాడు. పద్నాలుగు.

"అక్షరాలేవి కాక?" అన్నాడు.

లింగమూర్తి చక్రం బోల్టులు ఏరి అతని ముందు పెట్టాడు.

"చల్లగున్నంత సేపు మంచిగనే పడ్తది. వేడైతేనే తెలుస్తది దీని సంగతి. ఆర్డర్ పెడుతున్న. నాలుగు దినాలు నిమ్మళంగ నడుపు. నేనైతే బిగియ్యకపోదును."

అయినా బిగించాడు. మర్నాడు ఐదుంపావుకు లింగమూర్తి పదడుగులు నడిపి ఆపాడు. వణుకు లేదు. మూడుసార్లూ కారు మందలించిన పిల్లాడిలా టక్కున ఆగింది. తెల్లవారి చల్లదనంలో, పదడుగుల వేగంలో, కొయ్య చక్రం కూడా అలాగే ఆగుతుందని ఆయనకు తెలియక కాదు. పెన్ను తీశాడు. భూపాల్ మాట గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగాడు.

"ఏమైంది కాక? పూజల మంత్రం మర్సినవా?" అంది జమున. ఆరుకు పంచ్ కొట్టాలి ఆమె.

"బ్రేకు బాగున్నది" అని రాసి సంతకం పెట్టాడు. అబద్ధం కాదు. పదడుగుల మేరకు అది నిజమే.

నాలుగో రోజు కరీంనగర్ నుంచి డిస్కులు వచ్చాయి. పెట్టె విప్పితే అవి ఇంకో మోడలువి. బోల్టు రంధ్రాలు కలవలేదు. తిరిగి పంపితే ఎనిమిదో రోజుకు ఒకటే వచ్చింది. రెండూ కలిపే మార్చాలి, ఒకటి మార్చకూడదు. రెండోది వస్తుందన్నారు. వస్తూనే ఉంది. లింగమూర్తి ముప్పై దాటకుండా నడిపేవాడు. ముందున్న లారీకి ఇంకో లారీ పట్టేంత ఎడం వదిలేవాడు. ఆ ఎడంలోకి నిజంగానే ఇంకో లారీ వచ్చి దూరేది. వెనకనుంచి హారన్లు. వెనక సీటువాళ్ళు, ఇంత నిమ్మళమైతే నడిచిపోయినా అందుతామనేవారు. సారక్క రెండుసార్లు అడిగింది, కొత్తవి వచ్చినయా అని. ఈరోజు రేపు అన్నాడు. రోజూ పొద్దున మూడుసార్లు ఆపి చూశాడు, రోజూ రాశాడు. ఆ పేజీ చూస్తే ముచ్చటేస్తుంది. పందొమ్మిది గీతల్లో పందొమ్మిది "బాగున్నది"లు, ఒక్క కొట్టివేత లేకుండా.

పందొమ్మిదో రోజుకు మే నెల వచ్చింది. మధ్యాహ్నం రెండున్నర. షిఫ్టు దిగి వస్తున్నారు. రోడ్డు మీద తారు కరిగి టైర్లకు అంటుతోంది. బొగ్గు టిప్పర్లు వరుసకట్టి ఉన్నాయి, రెండు నిమిషాలకోసారి ఆగడం, కదలడం. ఆపి ఆపి చక్రాల దగ్గర కాలిన వాసన మొదలైంది. కిటికీ దింపి, మడ్డి కాలుస్తున్నరా కాక అంది జమున. వంతెన దాటి వాలు దిగుతుండగా ముందున్న టిప్పరు స్పీడ్ బ్రేకరు దగ్గర ఒక్కసారిగా ఆగింది. లింగమూర్తి తొక్కాడు. ఎడమవైపు లోపల టపీమని ఏదో పగిలింది. పెడలు కాలికింద తేలికైంది.

ఆ తేలిక ఆయనకు తెలుసు. ముప్పై మూడేళ్ళ బిక్షం పోయిన రోజు చేతికి తెలిసిన తేలిక అది. పాతికేళ్ళ తర్వాత కాలికి తెలిసింది.

కారు కుడికి లాగింది. ఎదురుగా మంచిర్యాల బస్సు వస్తోంది. ఆయన ఎడమకు కోసి, గేరు దింపి, హ్యాండ్‌బ్రేకు లాగి, రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పకు కారును గుద్దించాడు. చూసినవాళ్ళంతా ఆ నైపుణ్యాన్ని మెచ్చుకున్నారు. ముప్పై నాలుగేళ్ళ బ్రేకు అనుభవం ఆ రెండు సెకన్లలో పనికొచ్చిందన్నారు. వెనక ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. లింగమూర్తి నుదురు చిట్లింది. కంకర కుప్ప ఎడమవైపు ఉంది. ముందు సీటు కూడా ఎడమవైపే ఉంది.

జమున ఎడమకాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది.

దవాఖాన వరండాలో కానిస్టేబుల్ వచ్చి వివరాలు రాసుకున్నాడు. కారులోంచి తెచ్చిన నల్ల అట్ట రిజిస్టరు అతని చేతిలో ఉంది. పేజీలు తిప్పుతూ పోయాడు. మూడేళ్ళు. రోజూ తేదీ, వేళ, సంతకం. అతని సర్వీసులో ఇలాంటిది చూడలేదు.

"గింత పద్ధతిగ ఎవలున్నరు కాక? మా స్టేషన్ల డైరీ గూడ గిట్లుండది" అన్నాడు గౌరవంగా. "పొద్దున గూడ చూసినవు, రాసినవు. నీ తప్పేం లేదు. డిస్కు పలిగిందని రాసుకుంట."

రెండోసారి కూడా రిజిస్టరు లింగమూర్తిని కాపాడడానికి లేచి నిలబడింది. పెంచినవాడి మీద దానికి విశ్వాసం ఉండదా మరి. నుదుటి కట్టు కింద ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"అది పక్కన పెట్టు సారూ. బ్రేకు బాగలేదని నాకు పందొమ్మిది దినాల సంది తెలుసు. తెలిసే రాసిన."

కానిస్టేబుల్ చుట్టూ చూశాడు. తలకు దెబ్బ తగిలిన మనిషి మాటలు రాసుకోవడానికి ఫారంలో గడి లేదు. రాస్తే ఇన్సూరెన్సు రాదని, ఆ ఆడమనిషికే నష్టమని, పెద్దమనిషివి కాస్త ఆలోచించుకోమని మెల్లగా చెప్పాడు. అతను చెప్పింది తప్పు కాదు. డిస్కు పలిగిందని రాసుకుని, రిజిస్టరు రెండు చేతులతో తిరిగి ఇచ్చి వెళ్ళాడు.

ఆరోజు వరండాలో అంద్రెయ కూడా ఉన్నాడు. గోడకు ఆనుకుని నిలబడి, తన అరచేతులు తాను చూసుకుంటున్నాడు. ఆ రోజు తర్వాత అతను కారు డిస్కు అన్న వస్తువును షెడ్డులోకి రానివ్వలేదు. ఇనుము గురించి తన అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. పైపొర సంగతి ఇప్పటికీ చెబుతాడు, కొంచెం చిన్న గొంతుతో.

నాలుగో రోజు జమునకు ఆపరేషన్ అయ్యాక, కట్టు కట్టిన కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టి ఉండగా, లింగమూర్తి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె పేరు ఆ పొద్దున్నే కాంట్రాక్టరు లిస్టులోంచి పోయిందని హెల్పర్లు చెప్పి వెళ్ళారు. లింగమూర్తి పాతికేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాడు. 1999, సెకండ్ షిఫ్టు, గుమాస్తా అందించిన పెన్ను, పెట్టిన సంతకం, చూడని బ్రేకు. నేల చూస్తూ, వరసగా, విచారణలో చెప్పవలసినట్టు చెప్పాడు.

జమున వింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"తెలుసు కాక" అంది. "అవ్వ చెప్పింది. పైన సంతకం పెట్టి కిందికి పోతరని మా బాపే చెప్పెటోడట. అందరు గట్లనే చేసిండ్రు. దానికి నిన్నేమంట? మా అవ్వ గూడ ఏమనలే." కిటికీలోంచి బొగ్గు లారీ మోత వచ్చి పోయింది. "గిది అట్ల కాదు. గా రిజిస్టరు కిలోమీటరు దూరం లేకుండె. నీ ఒళ్ళెనే ఉండె. ఒక్క మాట చెప్తే నేనే ఆటోల పోదును గద. నాకు చెప్పకపోతివి."



రెండో డిస్కు ఇరవై ఆరో రోజు వచ్చింది. రెండూ సాదావి, గట్టివి, అంచు మీద అక్షరాలున్నవి. కారు నెలన్నర పట్టింది బాగవడానికి. జమున కాలు ఐదు నెలలు పట్టింది. కొంచెం పొట్టిదైంది. ఇంకో కాంట్రాక్టరు కింద, అదే ప్లాంటులో, ఊడ్చే పనికి పేరు ఎక్కించుకుంది. మొదటిరోజు పొద్దున లింగమూర్తి కారు తీసుకుని ఆమె వాకిట్లో ఆపాడు. ముందు సీటు తుడిచి పెట్టాడు. ఆమె కారు దగ్గరికి వచ్చి, తలుపు మీద చెయ్యి వేసి, తెరవకుండానే వెనక్కి తీసుకుంది.

"ఆటోల పోత కాక. ఏమనుకోకు" అంది. కోపంగా అనలేదు. డబ్బా చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ చౌరస్తా వైపు నడిచింది.

లింగమూర్తి ఇప్పుడు నాలుగున్నరకే లేస్తున్నాడు. చల్లని బ్రేకును నమ్మడు. వంతెన దాకా పోయి వచ్చి, డిస్కులు వేడెక్కాక ఆపి చూస్తాడు. కాలనీవాళ్ళు ఇంకో ముప్పావుగంట ముందు మేల్కొని తిట్టుకుంటున్నారు. రిజిస్టరు బానెట్ మీద పరుస్తాడు. తేదీ వేస్తాడు. "చూసిన" అని ఒక్క మాట రాస్తాడు. సంతకం పెట్టడం మానేశాడు.

తర్వాత చౌరస్తాలో ఆటో కదిలేదాకా ఆగి, దాని వెనకే జైపూర్ దాకా పోతాడు. ఖాళీ కారు. ఆటోకు ఏ రిజిస్టరూ లేదు. దాని బ్రేకు బాగుందని ఏనాడూ ఎవరూ రాయలేదు, కాబట్టి దాని విషయంలో ఎవరూ అబద్ధమాడలేదు. సామాను చోట జమున పొట్టి కాలు ఒకటి, మంచి కాలు ఒకటి రోడ్డు మీదికి వేలాడేసుకుని వెనక్కి తిరిగి కూర్చుంటుంది. అంటే దారి పొడుగునా ఆయనకు ఎదురుగా. మొదటి వారం ముఖం పక్కకు తిప్పుకుంది. తర్వాత ఎంతకని తిప్పుకుంటుంది?

ఆ ఆటో వెనక లైటు ఎప్పుడో పోయింది. ఆగబోతున్నట్టు వెనకవాళ్ళకు తెలియదు. అందుకని స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా జమున ఏమీ అనకుండా, నవ్వకుండా, కుడిచెయ్యి పైకెత్తి చూపిస్తుంది. లింగమూర్తి బ్రేకు తొక్కుతాడు.